తక్కెడ కనపడని అంగడి



పోయిన వారం వీడియోలో శాంతిపర్వంలోని తులాధారుడి కథ చెప్పుకున్నాం కదా. అది చూసిన ఒక తమ్ముడు నాకు ఇలా రాశాడు: "అన్నా, తులాధారుడి దగ్గరికి మనిషి వచ్చేవాడు, వస్తువు చూసేవాడు, తూకం చూసేవాడు. నేను ఆన్‌లైన్‌లో వేలం పెడతాను. నాలుగు ఫొటోలు, రెండు లైన్లు. అంతే. కొనేవాడు అడగని లోపాన్ని కూడా నేనే చెప్పాలా? అడగకపోవడం వాడి తప్పు కాదా?"

"చెప్పాలి" అని ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకోవచ్చు. అప్పుడు ఆ తమ్ముడు తల ఊపుతాడు, రేపు లిస్టింగ్ రాసేటప్పుడు మళ్లీ ఆ రెండు లైన్లే రాస్తాడు. ఎందుకు చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి, కొనేవాడికి కూడా ఏదైనా ధర్మం ఉందా అన్నవి తేలకపోతే ఆ జవాబు చేతిదాకా రాదు. ఈ అంగడి నాకు బాగా తెలిసినదే కాబట్టి, నాకు తెలిసిన సరుకుతోనే మాట్లాడతాను.

బుల్లి బొమ్మల లోకం

ఉద్యోగం కోసం కొన్నేళ్లు ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ దగ్గర ఉన్నాను. మనకి కొండపల్లి ఎలాగో, టేబుల్ మీద ఆడే యుద్ధాల ఆటల మినియేచర్లకి ఆ ఊరు అలాగ. 1975లో లండన్‌లో మొదలైన గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ ఇప్పుడు ఉన్నది అక్కడే. వార్‌హ్యామర్ ఆట పేరు మీలో కొందరు వినే ఉంటారు, అది వాళ్లదే. మినియేచర్ అంటే బొటనవేలంత బొమ్మ. చాలావాటి ఎత్తు 28 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. సైనికుడో, రాక్షసుడో, గుర్రం మీద వీరుడో. విడి భాగాలుగా వస్తుంది. అతికించి, సన్నటి బ్రష్‌తో కంటిపాప దాకా రంగులు వేసుకోవాలి. శనివారం రాత్రి నాలుగు గంటలు కూర్చుంటే ఒక అంగీ పూర్తవుతుంది. ఆ నాలుగు గంటలు ఫోన్ గుర్తుకు రాదు. నాకు ఈ అలవాటు నచ్చడానికి కారణం అదే.

ఇందులో వేలం ఎక్కడ వస్తుందంటే, పాత బొమ్మల దగ్గర. కంపెనీ అచ్చు ఆపేస్తే ఆ బొమ్మ ఇక కొట్లో దొరకదు. 1980లలో సీసం, తగరం కలిపి పోసిన బొమ్మలు ఇప్పుడు ఎవరి అటక మీదో, ఎవరి చెప్పుల డబ్బాలోనో ఉంటాయి. అవి బయటికి వచ్చే దారి ఆన్‌లైన్ వేలమే. హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా నేను కొనడం, అమ్మడం రెండూ అక్కడే. కాబట్టి ఆ అంగడిలో రెండు వైపులా నిలబడ్డ అనుభవం నాది.

ముందు కొనేవాడి బాధలు వినండి. ఫొటో మసకగా ఉంటుంది. "ప్రొఫెషనల్‌గా రంగులు వేసినది" అని రాసి ఉంటుంది. పార్సిల్ విప్పితే గోడకి సున్నం కొట్టినట్టు మందంగా రంగు, దాని కింద ముక్కూ మొహం ఏకమై ఉంటాయి. లోహపు బొమ్మ అయితే ఫర్వాలేదు, అసిటోన్‌లో వేసి రంగు ఒలిచేయవచ్చు. ప్లాస్టిక్ బొమ్మని అందులో వేస్తే బొమ్మే కరిగిపోతుంది. ఇంగ్లండ్‌లో చాలామంది ప్లాస్టిక్ వాటికి మనం గాయాలకి వాడే డెటాలే వాడతారు. ఒక రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. ఇల్లంతా ఆసుపత్రి వాసన. ఇక్కడివరకు ఓపికతో పోయేదే. కత్తి పట్టుకున్న చెయ్యి లేకపోతే, ఇంకో బొమ్మ చెయ్యి తెచ్చి అతికిస్తే, అన్నిటికన్నా మించి అసలు బొమ్మ మీద అచ్చు తీసి రెసిన్‌తో పోసిన నకిలీ అయితే మాత్రం ఓపిక సరిపోదు. ఫొటోలో అసలుకీ నకిలీకీ తేడా దాదాపు తెలియదు. చేతిలోకి తీసుకుంటే బరువు చెప్పేస్తుంది. ఆ చెయ్యే ఇక్కడ లేదు.

అమ్మేవాడి బాధలు తక్కువేం కాదు. వేలం గెలిచినవాడు డబ్బు కట్టడు. వారం చూసి మెసేజ్ పెడితే, "మా తమ్ముడు పొరపాటున నొక్కాడు" అంటాడు. ఓడిపోయినవాళ్లు ఈలోగా ఇంకో బొమ్మ కొనేసుకుని ఉంటారు. ఒకసారి నేను అమ్మిన గుర్రపు దళం "వర్ణనలో చెప్పినట్టు లేదు" అని వెనక్కి వచ్చింది. విప్పి చూస్తే అయిదు గుర్రాల్లో రెండు నావి కావు, రంగు వేసిన చెయ్యి నాది కాదు. సైట్ వాళ్లకి ఫొటోలు పంపినా కొన్నవాడి మాటే నెగ్గింది. కమీషన్ పోను, పోస్టేజీ పోను, ఆ అమ్మకంలో నాకు మిగిలింది అట్ట డబ్బా.

ఇవి చెబుతున్నది జాలి కోసం కాదండీ. ఈ చికాకులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే వేరు కనపడుతుంది. ఒకరి చేతిలో వస్తువు ఉంది, ఇంకొకరి చేతిలో డబ్బు ఉంది, మధ్యలో ఇద్దరూ కలిసి చూడగలిగిన తక్కెడ లేదు.

తులాధారుడి దగ్గర ఉన్నది ఏమిటి?

వీడియో చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. జాజలి అనే తపస్వి కదలకుండా నిలబడి తపస్సు చేస్తాడు. ఆయన జటల్లో పిచ్చుకల జంట గూడు కట్టుకుని, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుంటుంది. పిల్లలకి రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఆయన కదలడు. "నేను ధర్మాన్ని సాధించాను" అనుకుంటాడు. అప్పుడు ఆకాశం నుంచి ఒక మాట వినపడుతుంది. ధర్మంలో నువ్వు వారణాసిలో ఉన్న తులాధారుడికి సాటి రావు అని. జాజలి వెళ్లి చూస్తే అక్కడున్నది ఒక వ్యాపారి. గంధాలు, రసాలు, మూలికలు అమ్ముకుంటున్నాడు. మద్యం మాత్రం అమ్మడు. మోసం లేకుండా కొని, మోసం లేకుండా అమ్ముతాను, నా తక్కెడ అన్ని ప్రాణులకీ సమానం అని చెబుతాడు.

మనం ఈ కథని ఎక్కువగా "అహంకారం వద్దు" అనే పాఠంగా వింటాం. అది నిజమే. కానీ అమ్మేవాడి కంటితో చదివితే ఇంకోటి కనపడుతుంది. జాజలి ధర్మం ఒంటరి ధర్మం, ఎదురుగా మనిషి అక్కర్లేదు. తులాధారుడిది ఎదురుగా మనిషి ఉంటేనే పుట్టే ధర్మం. తక్కెడ ఇద్దరి మధ్య వేలాడుతుంది. ముల్లు ఎటు మొగ్గిందో అమ్మేవాడికి ఎంత కనపడుతుందో కొనేవాడికీ అంతే కనపడుతుంది.

మన తమ్ముడి అంగడిలో తక్కెడ అమ్మేవాడి ఇంట్లో, తలుపు వెనక ఉంది. ముల్లు ఎక్కడుందో అతనే చూసి, అతనే రాసి పంపుతాడు. అంటే ఆ రెండు లైన్ల వర్ణనే ఇక్కడ తక్కెడ. అందులో ఒక లోపం వదిలేస్తే అది కేవలం మౌనం అవదు. తూకంలో వేలు పెట్టినట్టే.

దీనికి పాత శాస్త్రంలో నన్ను ఆశ్చర్యపరిచిన ఒక ఆధారం ఉంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో అమ్మకూడని సరుకు గురించి ఒక చిన్న జాబితా వస్తుంది. ఒకదానిలో ఇంకొకటి కలిపినది, పస లేనిది, తక్కువ తూగేది, కప్పిపెట్టినది. వీటితోపాటు దూరంగా ఉన్నది కూడా! కల్తీ, కొరత, దాపరికంతో సమానంగా దూరాన్ని ఎందుకు పెట్టారు? నాకు అర్థమైనంతవరకు, కళ్లకి అందని సరుకులో మిగతా దోషాలన్నీ దాక్కోగలవు కనుక.

అయితే ఆన్‌లైన్ అమ్మకమంతా అధర్మమేనా? అలా అనుకోనక్కర్లేదు. దూరం ఎందుకు దోషమో తెలిస్తే, ఆ దూరాన్ని ఎలా పూడ్చాలో కూడా తెలుస్తుంది. నా పద్ధతి ఇది: కొనేవాడు నా ఇంటికి వచ్చి, ఆ బొమ్మని చేతిలోకి తీసుకుని, దీపం కింద పది నిమిషాలు తిప్పి చూస్తే ఏమేం కనిపెట్టేవాడో, అదంతా నేను రాయాలి. ఎడమ మోకాలి దగ్గర అతుకు, కత్తి కొస వంకర, కింద పెట్టిన బేస్ అసలుది కాదు. అతని చెయ్యి ఇక్కడ లేదు కాబట్టి ఆ పది నిమిషాలు నా చెయ్యే అతని చెయ్యి కావాలి.

ఆన్‌లైన్ వేలాల మొదటి అమ్మకంలోనే ఈ ప్రశ్న ఉందంటే నమ్ముతారా? ఈబే 1995లో మొదలైంది. అందులో మొదట అమ్ముడైన వస్తువుగా చెప్పుకునేది పాడైపోయిన ఒక లేజర్ పాయింటర్. 14 డాలర్ల 83 సెంట్లకి పోయింది. సైట్ పెట్టిన పియర్ ఒమిడ్యారే దాని యజమాని. కొన్నవాడికి ఆయన రాసి అడిగాడట, అది పనిచేయదని తెలుసు కదా అని. తెలుసు, నేను పాడైనవే సేకరిస్తాను అని జవాబు వచ్చిందట. ఈ కథని నవ్వుకోడానికి చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ అడగడం ముఖ్యం. పనిచేయని వస్తువు అమ్మడం తప్పు కాలేదు, ఇద్దరికీ ఒకే సంగతి తెలిసి చెయ్యి మారింది కాబట్టి.

ఎంతవరకు చెప్పాలి?

ఇక్కడ ఒక చిక్కు. నా దగ్గర అచ్చు ఆగిపోయిన ఒక బొమ్మ ఉంది అనుకోండి. కంపెనీ దాన్ని వచ్చే నెల మళ్లీ పోస్తానని ప్రకటించింది. కొత్తది వస్తే పాతదాని ధర పడిపోతుంది. ఈ వారం వేలం పెడితే ఆ సంగతి కూడా రాయాలా?

ఇది బొమ్మ మీద ఉన్న పగులు కాదు, లోకంలో ఉన్న వార్త. కొనేవాడు నా ఇంట్లో కూర్చుని బొమ్మని ఎంత తిప్పినా అది కనపడదు. వెతికితే అతనికీ దొరుకుతుంది. కాబట్టి లోకంలోని ప్రతి వార్తా మోసే బాధ్యత అమ్మేవాడి మీద లేదని నా అభిప్రాయం. పక్క సైట్‌లో ఇదే బొమ్మ చవగ్గా ఉందని నేను రాయనక్కర్లేదు.

కానీ ఒక గీత ఉంది. ఆ వార్త విన్నందుకే నేను అమ్ముతున్నానా? అలాగైతే నా లాభం ఆ బొమ్మ మీద రావడం లేదు, అవతలి మనిషికి తెలియకపోవడం మీద వస్తోంది. అప్పుడు ఒక లైన్ రాయాలి. "ఇది మళ్లీ వస్తోందట, నాకు మాత్రం పాత పోత అవసరం లేదు" అని. రాస్తే ధర తగ్గుతుందా? తగ్గవచ్చు. తగ్గినంత మేరా అసలు నాది కాదన్నమాట.

యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన యమాల్లో సత్యం ఒకటి, అస్తేయం ఒకటి. అస్తేయం అంటే దొంగతనం చేయకపోవడం. ఈ రెండూ విడివిడిగా ఎందుకున్నాయో నాకు ఈ అంగడిలోనే తెలిసింది. ఒక్క అబద్ధం కూడా రాయకుండా లిస్టింగ్ రాయవచ్చు, దానితోనే ఇంకొకరి డబ్బు తీసుకోవచ్చు. సత్యం నిలుస్తుంది, అస్తేయం పోతుంది.

కొనేవాడికి ఎక్కువ తెలిస్తే?

ఇప్పటిదాకా భారమంతా అమ్మేవాడి మీద పెట్టాం. తిప్పి చూద్దాం. ఇంగ్లండ్‌లో ఒకావిడ ఒక డబ్బా పాత బొమ్మలు వేలానికి పెట్టారు. "మా ఆయన చిన్నప్పటి సీసం సైనికులు, మొత్తం డబ్బా" అని రాశారు. ఆయన పోయారని వర్ణనలోనే అర్థమవుతోంది. మొదటి పాట 5 పౌండ్లు. పిల్లల ఆటవస్తువుల విభాగంలో పెట్టారు కాబట్టి మినియేచర్లు వెతికేవాళ్ల కంట పడలేదు. మూడో ఫొటోలో, మూలన, 1980ల నాటి అరుదైన బొమ్మలు ఆరు కనపడ్డాయి నాకు. డబ్బా ధరకి ఎన్నో రెట్లు అవి ఒక్కొక్కటీ పలుకుతాయి.

మామూలుగా అయితే వేలం అనే పద్ధతే ఇలాంటివాళ్లకి రక్ష. అమ్మేవాళ్లకి విలువ తెలియకపోయినా, తెలిసిన ముగ్గురు పోటీ పడితే ధర దానంతటదే పైకి వస్తుంది. నిలువు ధరకి అమ్మే కొట్లో ఈ మంచి లేదు. కానీ చూసినవాడు ఒక్కడే అయినప్పుడు ఆ రక్ష పనిచేయదు.

ఆవిడకి రాశాను. మూడో ఫొటోలో ఎడమ మూల ఉన్నవి విడిగా పెట్టండి, మినియేచర్ల విభాగంలో పెట్టండి అని. "థాంక్యూ" అని ఒక్క మాట వచ్చింది. లిస్టింగ్ తీసేశారు. వారం తరవాత ఆ ఆరూ విడివిడిగా వచ్చాయి. ఒకదానికి నేనూ పాడాను. నాకు అందని ధరకి పోయింది.

ఈ సంగతి విని నా స్నేహితుడు ఒకడు మొహం మీదే అన్నాడు: "రేయ్, ఏ బొమ్మ ఏ ఏడాదిదో తెలుసుకోడానికి నీకు పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లకి ధర లేదా? డాక్టర్ తనకి తెలిసినది ఊరికే చెబుతాడా?"

వాడి మాటని తేలిగ్గా కొట్టెయ్యలేం. తెలివికి ధర ఉంది. పాత సామాను కొని అమ్మేవాడు బతికేది ఆ తెలివి మీదే. అది తప్పు వృత్తి అని నేను అనను. ఒక వ్యాపారి అదే డబ్బాని పెట్టి ఉంటే నేను రాసేవాణ్ణి కాదు. చూసుకోవడం అతని పని, అందుకు అతను తన తక్కెడ తెచ్చుకున్నాడు. మరి తులాధారుడి తక్కెడ అందరికీ సమానం అన్నారు కదా, వ్యాపారికి ఒకటీ ఆవిడకి ఒకటీనా అని మీరు అడగవచ్చు. నేనూ చాలాసార్లు అడుక్కున్నాను. నాకు దొరికిన జవాబు ఇది: తక్కెడ సమానంగా ఉండాలంటే రెండు పళ్లేల్లోనూ ఏదో ఒకటి ఉండాలి. వ్యాపారి పళ్లెంలో అతని అనుభవం ఉంది. ఆవిడ పళ్లెంలో ఏమీ లేదు, పోయిన మనిషి జ్ఞాపకం తప్ప.

డాక్టర్ విషయానికొస్తే, ఆయన ఫీజు ముందే చెప్పి తీసుకుంటాడు. మన తెలివికీ అలా ధర అడగవచ్చు. "మీ డబ్బాలో విలువైనవి ఉన్నాయి, ఏవో చెబుతాను, అందులో ఒకటి నాకు సరసమైన ధరకి ఇస్తారా?" అని అడిగితే అందులో దొంగతనం లేదు. అవతలివాళ్లకి తెలియకుండా వాళ్ల జేబులోంచే తీసుకునే ఫీజు మాత్రం ఫీజు కాదు. పూర్తిగా ఊరికే చెప్పడం, వాటా అడిగి చెప్పడం, ఈ రెండిట్లో ఏది మేలో మీరు ఆలోచించండి. రెండూ తక్కెడ బయట పెట్టేవే.

పాట పెంచే మనసు

ఇక వేలంలో అసలు మంట ఉండేది చివరి నిమిషంలో. గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు ఒక జారుడు మెట్ల వరస చెబుతాడు. ఒక వస్తువునే తలుస్తూ ఉంటే దాని మీద తగులం, తగులం నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, కోపం నుంచి మోహం, ఆ పైన జ్ఞాపకం చెదరడం, బుద్ధి నశించడం. ఆన్‌లైన్ వేలం ఈ మెట్లని ఏడు రోజుల్లో దింపుతుంది. మొదటి రోజు "వాచ్" నొక్కుతాం. రోజుకి నాలుగుసార్లు చూస్తాం. మూడో రోజుకి అది మన షెల్ఫ్‌లో ఎక్కడ పెట్టాలో నిర్ణయించేస్తాం. ఇంకా మనది కాని వస్తువు మీద "నాది" అనే భావం వచ్చేస్తుంది. ఏడో రోజు, ఆఖరి ఆరు సెకన్లలో ఎవడో దూరి ఎగరేసుకుపోతాడు. ముక్కూ మొహం తెలియని మనిషి మీద ఒళ్లు మండుతుంది.

ఆ ఆఖరి సెకను మనిషి తప్పు చేశాడా? నియమాలు చూస్తే చేయలేదు. ఈ సైట్లలో మీరు ఇవ్వగలిగిన గరిష్ఠ ధర ముందే చెప్పవచ్చు. సైటే మీ తరఫున అవసరమైనంత మేరకే పెంచుతుంది. మీరు 40 పౌండ్లు చెప్పి, అవతలివాడి గరిష్ఠం 31 అయితే, 32 దగ్గర మీకే వస్తుంది. నిజంగా ఇవ్వదలిచింది చెప్పినవాణ్ణి ఆఖరి సెకను ఏమీ చేయలేదు. 30 చెప్పి, మనసులో 45 దాచుకున్నవాడే ఓడిపోయి అరుస్తాడు. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధనలో ఒక సంగతి చూపించారు. గడియారం కొట్టగానే ముగిసే ఈబే వేలాల్లో ఆఖరి క్షణపు పాటలు ఎక్కువ. ఆలస్యంగా పాట వస్తే గడువు పొడిగించిన అప్పటి అమెజాన్ వేలాల్లో అవి తక్కువగా ఉండేవి. అంటే మనుషులు చెడ్డవాళ్లని కోప్పడేకంటే, ఆట అలా కట్టారని తెలుసుకోవడం మేలు.

అధర్మం వేరే చోట ఉంది. తన వస్తువుకి తానే దొంగ పేరుతోనో, స్నేహితుడి చేతో పాట పెంచుకోవడం. అది కొనేవాడి తక్కెడని అమ్మేవాడే వంచడం. బ్రిటన్‌లో అది చట్టప్రకారం నేరం. 2010లో అక్కడ ఒక సెల్లర్‌కి దీనికి కోర్టు శిక్ష కూడా వేసింది.

మరి నిజమైన పోటీ వల్లనే ధర ఆకాశానికి పోతే? ఆ డబ్బు అమ్మేవాడు హాయిగా తీసుకోవచ్చా? కౌటిల్యుడి అర్థశాస్త్రంలో దీని మీద ఒక నియమం ఉంది. వర్తకుడు సరుకు పరిమాణం, ధర చెప్పి, ఈ ధరకి ఎవరు కొంటారు అని మూడుసార్లు పిలవాలి. కొనేవాళ్ల పోటీతో ధర పెరిగితే, పెరిగిన భాగం అతనికి దక్కదు. సుంకంతో కలిసి ఖజానాకి పోతుంది. పోటీలో పుట్టిన వేడి వర్తకుడి కష్టార్జితం కాదని ఆ నియమం వెనక ఉన్న ఆలోచనగా నాకు తోస్తుంది.

మన బాలాపూర్ లడ్డూ వేలం తీసుకోండి. 1994లో 450 రూపాయలకి పోయింది. 2024లో 30 లక్షల 1 వెయ్యి. లడ్డూలో శనగపిండి, చక్కెర, నెయ్యి విలువ ఎంతో పాడేవాడికి తెలుసు, పక్కనున్నవాళ్లకీ తెలుసు. అయినా ఎవరికీ మోసపోయామనిపించదు. అందరి ముందూ, మొహాలు చూసుకుంటూ, తెలిసి ఇస్తున్నారు. ఆ డబ్బు ఊరి పనులకి పోతుంది. ఎక్కువ ఇవ్వడం తప్పు కాదండీ. తెలియక ఎక్కువ ఇచ్చేలా చేయడమే తప్పు.

అందుకే కొనేవాడిగా నాకొక నియమం ఉంది. పొద్దున స్నానం, పూజ అయ్యాక, మనసు కుదురుగా ఉన్నప్పుడు, నాకు ఆ బొమ్మ ఎంత అని ఒక అంకె వేసుకుంటాను. ఆ అంకె ఒక్కసారే పాడతాను. ఆ తరవాత ఆ పేజీ తెరవను. పూజలో సంకల్పం చెప్పుకున్నాక మధ్యలో మార్చం కదా, అదే పద్ధతి. గెలిస్తే ప్రసాదం, పోతే ఇంకొకరి ప్రసాదం.

మాట ఇచ్చాక

గెలిచి డబ్బు కట్టనివాడి సంగతి మిగిలింది. అర్థశాస్త్రం ఇక్కడ రెండు వైపులా సమానంగా ఉంది. అమ్మిన సరుకు ఇవ్వనివాడికి 12 పణాల జరిమానా. కొన్న సరుకు తీసుకోనివాడికీ అదే 12 పణాలు. సరుకులో దోషం ఉంటే మినహాయింపు. మనసు మార్చుకోడానికి గడువు కూడా ఉంది. వర్తకులకి ఒక రాత్రి, రైతులకి మూడు రాత్రులు, పశువులు కాసేవాళ్లకి అయిదు రాత్రులు. మనుస్మృతి అయితే కొన్నవాడికీ అమ్మినవాడికీ పది రోజులు ఇచ్చింది. మనిషికి పశ్చాత్తాపం కలుగుతుందని వాళ్లకి తెలుసు. దానికి చోటు పెట్టారు, హద్దూ పెట్టారు.

ఇప్పటి సైట్లలో ఈ సమానత్వం కాస్త వంగింది. ఈబేలో 2008 నుంచి సెల్లర్ బయ్యర్‌కి చెడ్డ ఫీడ్‌బ్యాక్ ఇవ్వలేడు. దానికీ కారణం ఉంది. అంతకుముందు కొందరు సెల్లర్లు పగ తీర్చుకోడానికి దాన్ని వాడేవారు. నియమం ఏదైనా ఒకరికి మేలు చేస్తే ఇంకొకరికి సందు వదులుతుంది. ఆ సందులో దూరాలా వద్దా అన్నది మాత్రం సైట్ నిర్ణయించదు. గుర్రాలు మార్చి పంపినవాడు నియమాల ప్రకారం గెలిచాడు. ఇప్పుడు ఆ రెండు గుర్రాలు వాడి షెల్ఫ్‌లో ఉన్నాయి. రోజూ చూసేది వాడే.

నాతో అలా చేశారు కాబట్టి నేనూ లోపాలు దాచుతాను అనే వాదన మన తమ్ముడి ప్రశ్న అడుగున ఉందేమో అని నా అనుమానం. "అందరూ అలాగే ఉన్నప్పుడు నేనొక్కణ్ణి చెబితే నష్టపోయేది నేనే కదా" అని. నష్టం ఉంటుంది తమ్ముడూ. అతుకు ఉందని రాస్తే ఆ బొమ్మ పది పౌండ్లు తక్కువకి పోతుంది, ఇది ఖాయం. తులాధారుడు లాభం వస్తుందని జాజలికి చెప్పలేదు. తక్కెడ సమంగా ఉందని మాత్రమే చెప్పాడు.

కాబట్టి ఈ వారం మీరు ఏదైనా అమ్మకానికి పెడుతుంటే, బొమ్మ కానివ్వండి, పాత ఫోన్ కానివ్వండి, బైక్ కానివ్వండి, ఒక పని చేయండి. ఫొటోలు తీశాక ఆ వస్తువుని చేతిలోకి తీసుకుని పది నిమిషాలు కొనేవాడిలా తిప్పి చూడండి. కనపడిన ప్రతి లోపాన్నీ రాయండి, అడగకపోయినా. బైక్ అయితే ఆ మలుపు దగ్గర పడిన గీత కూడా. తరవాతే "పోస్ట్" నొక్కండి.

శుభం.